సగం రెక్క ఉన్న కోహో సాల్మన్: హ్యాచరీదా, వైల్డా? వదిలేసి తప్పు చేశానా?

బాతెల్_గాలం
ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయక తప్పట్లేదు, ఇంట్లో పంచాయితీ నడుస్తోంది.

నిన్న మావయ్యగారిని తీసుకుని సియాటిల్ దగ్గరి పాయింట్ నో పాయింట్‌కి వెళ్ళాను. ఎడ్మండ్స్‌లో తెల్లారుజాము ఫెర్రీ, కింగ్‌స్టన్‌లో దిగి హాన్స్‌విల్ మీదుగా లైట్‌హౌస్ దాకా. మావయ్యగారిది పాలకొల్లు. చిన్నప్పటి నుంచీ గాలం చేతిలో ఉన్న మనిషి. అమెరికా వచ్చిన నాలుగో వారానికే ఇంట్లో తోచడం మానేసింది.

ఏడున్నరకి పోటు తిరుగుతుండగా పడింది. గులాబీ రంగు బజ్ బాంబ్ ఎర మీద. ఒడ్డుకి తెచ్చేసరికి చేతులు పీకేశాయి. చిగుళ్ళు తెల్లగా ఉన్నాయి, తోకలో పై సగానికే మచ్చలు, కాబట్టి కోహో. అందులో అనుమానం లేదు. ఆరు పౌన్లు ఉంటుంది. ఇప్పుడు అక్కడ అడిపోజ్ రెక్క (వీపు మీద తోక దగ్గరుండే చిన్న రెక్క) కత్తిరించిన కోహోనే, అంటే హ్యాచరీలో పెంచి వదిలినదాన్నే, ఉంచుకోవాలి కదా. వీపు చూశాను. రెక్క ఉందీ అనలేను, లేదూ అనలేను. ముందు సగం ఉంది, వెనక సగం ఏటవాలుగా ఎగిరిపోయింది, ఎవరో కొరికి పక్కన పెట్టిన అప్పడంలా. ఫొటో తీసుకుని వదిలేశాను.

తిరుగు ఫెర్రీలో మావయ్యగారు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి అత్తయ్యగారితో మాత్రం, "అల్లుడు గారు ఆరు పౌన్ల చేపని సముద్రానికి దానం చేశారు" అన్నారు. అప్పట్నుంచీ ఈ ఇంట్లో నా పేరు కర్ణుడు.

ఫొటో కింద పెట్టాను. నేను చేసింది రైటేనా? అసలు ఇలాంటిది కనిపిస్తే ఏది హ్యాచరీదో, ఏది వైల్డో (ఏట్లోనే పుట్టి పెరిగిందో) ఎలా తెలుసుకోవాలి?


ఎవరెట్_పెద్దాయన
ఆదివారం, రాత్రి 9:50

ముందు చీవాట్లు. ఫొటోలో చేప పొడి గులకరాళ్ళ మీద ఉంది. వదలాల్సి రావచ్చని అనుమానం వచ్చిన చేపని నీళ్ళలోంచి తియ్యకూడదు. ఉప్పునీళ్ళలో ఉన్నప్పుడు కోహో పొలుసులు తడి గోడ మీద సున్నంలా ఉంటాయి, చెయ్యి తగిలితే ఊడొస్తాయి. నీ ఫొటోలో రాయి మీద తళతళలాడుతున్నవన్నీ ఆ చేప చర్మమే. నదుల్లో అయితే వదలాల్సిన సాల్మన్‌ని పూర్తిగా నీళ్ళలోంచి పైకెత్తడమే నేరం. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ముడులు లేని వలలో ఉంచి చూసుకో.

ఇప్పుడు రెక్క సంగతి. వీపు మీద పెద్ద రెక్క, చివర తోక. ఈ రెండింటికీ మధ్య, తోకకి దగ్గరగా, ముళ్ళూ ఈనెలూ ఏవీ లేని మెత్తటి కండ ముక్క ఒకటి ఉంటుంది. చిటికెన వేలి గోరంత. అదే అడిపోజ్. హ్యాచరీలో పిల్ల చూపుడు వేలంత ఉన్నప్పుడే దాన్ని కత్తిరించి వదులుతారు. మొదలంటా తెగితే మళ్ళీ మొలవదు. రెండేళ్ళ తర్వాత ఆ చేప నీ గాలానికి పడేనాటికి అక్కడ నున్నటి మచ్చ మిగులుతుంది.

నేను కంటితో చూడను. తోక మొదలు పట్టుకుని, బొటనవేలు వీపు మీద పెట్టి పెద్ద రెక్క నుంచి తోక వైపు జరుపుతాను. మానిన చోటయితే వేలు ఆగకుండా జారిపోతుంది, ఒకోసారి చిన్న గట్టు తగులుతుంది. రెక్క ఉంటే వేలికి అడ్డం పడుతుంది. తెల్లారుజామున సగం చీకట్లో, అల మీద వెలుగు మెరుస్తుంటే, కన్ను మోసం చేస్తుంది. వేలు చెయ్యదు.

నీ సగం రెక్క సంగతి తర్వాత చెప్తాను, ఇంకా ఎవరైనా మాట్లాడతారేమో చూద్దాం.


చికెన్65_ఫ్యాన్
ఆదివారం, రాత్రి 10:20

బ్రో, సింపుల్. వైల్డ్ దానికి కండ ఎర్రగా ఉంటుంది, హ్యాచరీ దానికి పాలిపోయి ఉంటుంది. కాస్ట్‌కో కొట్లో చూసి ఉంటావు.


ఎవరెట్_పెద్దాయన
ఆదివారం, రాత్రి 10:31

తమ్ముడూ, నువ్వు చెప్తున్నది పెంపకం చేప గురించి. వలల్లోనే పెరిగి, వలల్లోనే మేత తిని, అక్కణ్ణుంచి నేరుగా కొట్టుకి వచ్చేది. హ్యాచరీ చేప వేరు. అది హ్యాచరీలో గుడ్డు పగిలి కొన్ని నెలలు, కోహో అయితే ఏడాది పైన, అక్కడ పెరిగి ఏట్లోకి వెళ్తుంది. మిగతా బతుకంతా సముద్రంలోనే. అక్కడ వైల్డ్ కోహో తినే రొయ్యలే ఇదీ తింటుంది. కండ రంగులో తేడా ఉండదు. అయినా రంగు చూడాలంటే కొయ్యాలి, కోశాక వదిలేదేముంది?


రెంటన్_సీమోడు
ఆదివారం, రాత్రి 11:05

నాకు జరిగింది చెప్తా ఇనండప్పా. నాలుగేండ్ల కింద ఇక్కడి ఏట్లో ఒక కోహో పడె. వీపు మీద చిన్న రెక్క లేదు. లేదంటే లేదు. ఆనందంగా తలమీద ఒకటేసి, పట్టిన చేపలు రాసే క్యాచ్ కార్డులో రాసుకుని, తాడుకి కట్టి నీళ్ళలో ఏలాడదీసినా. గంటకి ఆఫీసర్ వచ్చె. ఆయన కూడా పెద్దాయన చెప్పినట్టే బొటనవేలు పెట్టి జరిపినాడు. వేలికి ఎర్రగా అంటుకునింది.

అది కత్తెర పని కాదు. ఆ రోజో ముందు రోజో సీల్ జంతువు కొరికిందో, ఎవరి వలకి తగిలి చినిగిందో. "మానిన మచ్చ" ఉండాల, రూలులో ఆ మాట ఉంది, నేను చదివినా కూడా. కానీ చేప చేతిలో ఉంటే చదివింది గుర్తొస్తుందా? జరిమానా కట్టినా, చేప కూడా పాయె. తప్పు నాదే, ఆయన్ని అనేదానికి ఏమీ లేదు. ఆయన మర్యాదగానే మాట్లాడినాడు.

కాబట్టి బాతెల్ తమ్ముడూ, నీ ఫొటో పెద్దది చేసి ఆ తెగిన అంచు చూడు. చర్మం కప్పుకుని ఉందా, పచ్చిగా ఉందా?


బాతెల్_గాలం
ఆదివారం, రాత్రి 11:22

చర్మం కప్పుకునే ఉందన్నా. అంచు నల్లగా, నున్నగా ఉంది. రక్తం లేదు. అంటే నేను హ్యాచరీ చేపని వదిలేశానా? ఈ విషయం మావయ్యగారికి చెప్పను.


ఇసాక్వా_అమ్మ
సోమవారం, ఉదయం 6:40

బాబూ, చెప్పకపోవడమే మంచిది.

నేను పదకొండేళ్ళుగా ఇసాక్వా హ్యాచరీలో వాలంటీర్‌ని. ఊరి నడిబొడ్డున ఉన్న హ్యాచరీ, 1936లో కట్టారు. సెప్టెంబరు, అక్టోబరుల్లో చినూక్ (ఇంకో రకం సాల్మన్), వాటి వెనకాల కోహో చేపల కోసం కట్టిన మెట్ల నిచ్చెన ఎక్కి వస్తుంటే, అద్దాల గది ముందు పిల్లల్ని నిలబెట్టి కథ చెప్పడం నా పని. మా ఆయన "నువ్వు ఇంట్లో కన్నా చేపలతోనే ఎక్కువ మాట్లాడతావు" అంటుంటారు.

రెక్కలు కత్తిరించడం చూశాను కాబట్టి చెప్తున్నా. చేత్తో చేసేటప్పుడు పిల్లల్ని మత్తుమందు కలిపిన నీళ్ళలో వేస్తారు. అవి పక్కకి ఒరగగానే ఒక్కోదాన్నీ ఎడమ చేతి వేళ్ళ మధ్య పట్టుకుని, చిన్న వంపు కత్తెరతో టిక్కుమని. పొద్దున్నించీ సాయంత్రం దాకా అదే పని, ఒక్కో మనిషి వేల చేపలు. నీళ్ళు చల్లన, వేళ్ళు కొయ్యబారిపోతాయి. పిల్ల చివరి క్షణంలో తోక కొట్టిందనుకోండి, కత్తెర సగం మీద పడుతుంది. లేదా అసలు పడదు. ఇప్పుడు పెద్ద ట్రెయిలర్లు వచ్చాయి. లోపల యంత్రాలు కెమెరాతో చేప పొడవు కొలిచి, సైజు వారీగా వేరు చేసి, మత్తు లేకుండానే కత్తిరిస్తాయి. అవి మనిషి కన్నా నయం, అయినా నూటికి నూరు కాదు.

మీ ఫొటోలో ఏటవాలు గీత చూస్తే అలాంటి జారిన కత్తెరే అనిపిస్తోంది నాకు. హ్యాచరీ పిల్లే అయ్యుండాలి. కానీ మీరు వదిలింది తప్పని నేను అనను.

ఇంకో సంగతి. మొదట్లో అడిపోజ్ లేకపోవడానికి అర్థం వేరు. "దీని ముక్కులో వైరు ఉంది, తల మాకివ్వండి" అని చెప్పడానికే కత్తిరించేవాళ్ళు. 1960ల నుంచీ వస్తున్న పద్ధతి అది. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ, పొడవు 1.1 మిల్లీమీటర్లు, మందం పావు మిల్లీమీటరు. రెండు మూడు తలవెంట్రుకలు కలిపినంత. పిల్లగా ఉన్నప్పుడే ముక్కు మెత్తటి ఎముకలోకి సూదితో దించుతారు. దాని మీద అంకెలు చెక్కి ఉంటాయి, మైక్రోస్కోపులో పెడితే ఏ హ్యాచరీ, ఏ ఏడాది పిల్ల అన్నది చెప్పేస్తాయి. తర్వాత 1990ల్లో, హ్యాచరీ చేపలన్నిటినీ గుర్తుపట్టేలా చెయ్యాలని, ముందు కోహోకీ ఆ తర్వాత చినూక్‌కీ మూకుమ్మడిగా రెక్కలు తియ్యడం మొదలైంది. ఇప్పుడు రెక్క లేని ప్రతి చేపలోనూ వైరు ఉండదు. అందుకే పడవలు దిగే చోట లెక్క రాసుకునేవాళ్ళు చేప మూతి మీద కర్రలాంటి యంత్రం తిప్పుతారు. బీప్ వస్తే తల అడుగుతారు. దయచేసి ఇవ్వండి. తలకాయ పులుసు వారం ఆలస్యమైనా పర్లేదు.


పోర్ట్‌ల్యాండ్_పులిరాజు
సోమవారం, ఉదయం 8:15

అమ్మా, మీ పోస్టు ప్రింటు తీసి పెట్టుకోవాలి.

మా ఓరెగన్ వైపు నుంచి ఒక మాట. శాండీ, క్లాకమస్ నదుల్లో సాల్మన్ కుటుంబానికే చెందిన స్టీల్‌హెడ్ పట్టేవాళ్ళం అడిపోజ్ ఒక్కటే చూడం, వీపు మీది పెద్ద రెక్క కూడా చూస్తాం. సిమెంటు తొట్లలో వేల పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి పెరుగుతాయి. గోడలకి రాసుకుంటాయి, మేత కోసం ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఆ రెక్క ఈనెలు వంగి, ముడుచుకుని, వానలో తడిసి ఎండిన నోటుపుస్తకం అంచులా తయారవుతుంది. పెద్దయ్యాక కూడా ఆ వంకర పోదు. వైల్డ్ దానికైతే విసనకర్ర విప్పినట్టు నిటారుగా లేస్తుంది, ప్రతి ఈనె విడిగా లెక్కపెట్టుకోవచ్చు. చేతిలోకి రాకముందే, నీళ్ళలో మలుపు తిరిగినప్పుడే తెలిసిపోతుంది ఒకోసారి.

కొలంబియా నది మీద ఇంకో రకం తగులుతుంది. అడిపోజ్ నిండుగా ఉంటుంది, వీపు రెక్క మాత్రం మొండి. అంటే హ్యాచరీలో పెరిగిందే, కానీ రెక్క కత్తిరించకుండా వదిలారు. పైన ఏట్లో సంతానం పెంచుకోనీ, గాలం వాళ్ళు ముట్టుకోకూడదు అని కావాలనే అలా వదిలే హ్యాచరీలు ఉన్నాయి. నీకూ నాకూ అది హ్యాచరీదని తెలుసు, అయినా చట్టం లెక్కలో వదలాల్సిందే.

అందుకే నేను "వైల్డ్" అనడం మానేశాను. "రెక్క ఉన్నది", "రెక్క లేనిది" అంటాను. మనకి ఒడ్డు మీద తెలిసేది అంతవరకే.


చికెన్65_ఫ్యాన్
సోమవారం, ఉదయం 8:40

అంటే రెక్క తెగి మానిపోయి ఉంటే హ్యాచరీ దాదాపు గ్యారంటీ, రెక్క ఉంటే వైల్డ్ గ్యారంటీ కాదు. ఇదేం లెక్క బ్రో.


ఎవరెట్_పెద్దాయన
సోమవారం, ఉదయం 9:02

అదే లెక్క. ఒక్క పోస్టులో పట్టేశావు, నాకు పదేళ్ళు పట్టింది.

ఇంకా చిత్రమైనది చెప్పనా? 2017 ఆగస్టులో మన వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఉన్న సైప్రస్ (Cypress) ద్వీపం దగ్గర వలల పెంపకం ఒకటి కూలి, రెండు లక్షల పైచిలుకు అట్లాంటిక్ సాల్మన్ మన నీళ్ళలోకి వచ్చేసింది. చేపల డిపార్ట్‌మెంటు వాళ్ళే పట్టండి, ఎన్నయినా పట్టండి అన్నారు. అప్పుడు నాకూ ఒకటి పడింది. పుట్టినప్పటి నుంచీ మనిషి చేతి మేత తిన్న చేప, దాని అడిపోజ్ మాత్రం చక్కగా, నిండుగా ఉంది! ఎలా గుర్తుపట్టానంటే మొప్ప మూత మీద పెద్ద నల్ల మచ్చలు, తోక అరిగిపోయి చీపురుకట్టలా ఉండటం. రెక్క ఉంది కదాని వైల్డ్ అంటే నవ్వుతారు.


కరీంనగర్_మానేరు
సోమవారం, రాత్రి 10:15

అన్నలూ, నేను డల్లాస్‌ల ఉంటా, మీ సాల్మన్ సంగతి నాకు తెల్వది. గని ఈ ముచ్చట సదువుతుంటే మా ఊరు యాదికొచ్చింది.

మా దిక్కు చెరువుల గాలమేస్తే ఏది హ్యాచరీది, ఏది చెరువుదని అడిగెటోడే లేడు. ఎందుకంటే ఆ జవాబు చేప పేరులనే ఉంటది. బొచ్చె, రవ్వ, మోసు, ఈ మూడు నిలువ నీళ్ళల్ల గుడ్లు పెట్టయి. వాటికి వరద పారాలె, ఏరు కావాలె. కాబట్టి ఏటితోని సంబంధం లేని ఊరచెరువుల బొచ్చె పడ్డదంటే అది లారీల వచ్చిన సీడే, ఇంకో మాట లేదు. 1957 జులై 10న ఒడిశాల హీరాలాల్ చౌధురి సారు చేప మెదడు కింది గ్రంథి తీసి, దాని రసం సూదేసి గుడ్లు పెట్టించిండు. గందుకే దేశంల ఆ తారీకున చేపల రైతుల దినం చేస్తరు. అంతకు ముందు ఏట్లకెళ్ళి గుడ్లు, పిల్లలు ఏరుకొచ్చి చెరువుల ఇడిసేటోళ్ళు. 2016 నుంచి మా తెలంగాణల సర్కారే సీడ్ ఫ్రీగ ఇడుస్తుంది.

కొర్రమట్ట అట్ల కాదు. అది చెరువులనే జత కడతది, నాచు కింద పిల్లల్ని కాస్తది. ఎర్రటి పిల్లలు గుంపుగ మీదికి తేలుతుంటే కింద తల్లి ఉన్నట్టే. మా తాత ఆ గుంపు కనపడ్డ కాడ గాలం ఎయ్యనిచ్చేటోడు కాదు. మీకు సర్కారు చెప్పిన రూలు, మాకు తాత చెప్పిండు.

అసలు కష్టం మానేరు డ్యామ్ కాడ. అండ్ల సీడూ ఇడుస్తరు, వరదల ఏట్లకెళ్ళి కూడ వస్తయి. ఐదు కిలోల రవ్వ పడితే అది యాడ పుట్టిందో దానికే ఎరుక. రెక్క కోసే ముచ్చట లేనే లేదు. కోట్ల పిల్లలకు ఎవలు కోస్తరు? అసలు వాటికి ఆ చిన్న రెక్కనే ఉండదు.


పోర్ట్‌ల్యాండ్_పులిరాజు
సోమవారం, రాత్రి 10:40

అన్నా, ఇది బాగుంది. చేప పేరే చెప్పేస్తుంది అన్నది నాకు తట్టలేదు.

రెక్క కొయ్యడం కుదరకపోయినా గుర్తు పెట్టే దారి ఒకటుంది. అలాస్కాలో పింక్ సాల్మన్ పిల్లల్ని మరీ చిన్నగా, మరీ ఎక్కువగా వదులుతారు, ఎవరూ కోసుకుంటూ కూర్చోలేరు. అక్కడ గుడ్లు పొదిగే నీళ్ళ వేడిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. చేప చెవిలో చిన్న రాయి ఉంటుంది, దాని మీద ఆ మార్పులు గీతల్లా పడిపోతాయి, కొట్లో సామాన్ల మీద ఉండే బార్‌కోడ్ లాగా. చనిపోయాక రాయి తీసి అరగదీసి చూస్తే హ్యాచరీ పేరు దొరుకుతుంది.

పొలుసు కూడా కథ చెప్తుంది. చెట్టు మానులో ఉండేలాంటి వలయాలే. తొట్లో రోజూ వేళకి మేత తిన్న కాలంలో వలయాలు ఎడం ఎడంగా, ఒకే తీరుగా ఉంటాయి. ఏట్లో చలికాలం పస్తున్న పిల్లకి ఒకదానికొకటి ఇరుక్కుపోతాయి. వైల్డ్ స్టీల్‌హెడ్ ఎక్కువగా రెండేళ్ళు ఏట్లో గడిపి సముద్రానికి పోతుంది, హ్యాచరీ దాన్ని మేపి మేపి ఏడాదికే పంపేస్తారు. ఇదంతా ల్యాబులో చూసేది, ఒడ్డు మీద పనికిరాదు. నాకు ఇష్టం కాబట్టి రాశాను.


సామామిష్_సూటిప్రశ్న
మంగళవారం, మధ్యాహ్నం 12:30

నాకొక్కటి అర్థం కాదు. రెండూ కోహోలే. రెండూ ఒకే సముద్రంలో తిరిగాయి, రుచి ఒకటే. ఒకదాన్ని చంపితే శభాష్, ఇంకోదాన్ని చంపితే జరిమానా. హ్యాచరీ చేపలు కూడా ఏట్లోకి వెళ్ళి గుడ్లు పెట్టనిస్తే చేపలు పెరుగుతాయి కదా? అన్నిటినీ వదిలితే అయిపోయె. పైగా చేపకి ఉన్న రెక్కని కొయ్యడం దేనికి? ఎద్దుకి వాతలు పెట్టినట్టుంది నాకు.


ఇసాక్వా_అమ్మ
మంగళవారం, సాయంత్రం 5:55

వాతల మాట నిజమేనండీ, కాదనను. చాలాకాలం ఆ రెక్క దేనికీ పనికిరాదనే అనుకున్నారు. 2004లో ఒక పరిశోధన వచ్చింది, ఆ రెక్క తీసేసిన స్టీల్‌హెడ్ పిల్లలు పారే నీళ్ళలో తోక మరింత వెడల్పుగా ఆడించాల్సి వచ్చిందని. తోక ముందు నీటి వాలు పసిగట్టడానికి పనికొస్తుందేమోనని వాళ్ళ అభిప్రాయం. అది చదివాక కత్తెర శబ్దం నాకు ఇదివరకటిలా వినపడలేదు.

మీ మొదటి ప్రశ్నకి, నేను చూసినదే చెప్తాను. మా తొట్ల పక్కన నడిస్తే చాలు, మన నీడ పడిన చోటికి పిల్లలన్నీ ఎగబడి వస్తాయి. నీడ అంటే మేత. ఏట్లో నీడ అంటే కొంగ. ఏట్లో ముందుగా చచ్చేది ఏదో, తొట్లో ముందుగా తినేది అదే. మూడు నాలుగు తరాలు అలా ఎంచుకుంటూ పోతే ఏం మిగులుతుందో ఆలోచించండి. ఓరెగన్‌లో హుడ్ నది స్టీల్‌హెడ్ మీద 2007లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, హ్యాచరీలో పెరిగే ఒక్కో తరానికీ ఏట్లో సంతానాన్ని నిలబెట్టుకునే శక్తి సుమారు 40 శాతం పడిపోయింది. ఆ చేపలు వైల్డ్ వాటితో జత కడితే నష్టం వాటికీ అంటుకుంటుంది. అందుకే హ్యాచరీవి ఏటి గుడ్ల చోటికి చేరకముందే పట్టుకోమంటారు, వాటిని పెంచిందే అందుకు.

ఇంకోటి, మన ప్యూజెట్ సౌండ్ (ఇక్కడి సముద్రపు పాయ) చినూక్ 1999 నుంచి, స్టీల్‌హెడ్ 2007 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉన్నాయి. రెక్క గుర్తే లేకపోతే చాలాచోట్ల మొత్తం సీజనే మూసెయ్యాలి. ఆ చిన్న ముక్క తెగింది కాబట్టే మీరు గాలం వెయ్యగలుగుతున్నారు.


సామామిష్_సూటిప్రశ్న
మంగళవారం, సాయంత్రం 6:20

నీడ, మేత, కొంగ. సరే, ఇది నాకెక్కింది. కానీ అలాంటి హ్యాచరీలు కట్టిందీ, నదులకి ఆనకట్టలు కట్టిందీ మనుషులే కదా, ఆ సంగతి ఎవరూ మాట్లాడరు.


ఎవరెట్_పెద్దాయన
మంగళవారం, సాయంత్రం 7:10

అందరూ మాట్లాడతారు బాబూ. స్థానిక తెగలు మనకంటే ముందు నుంచీ కోర్టుకెళ్ళి మరీ మాట్లాడుతున్నాయి. 1974 బోల్ట్ తీర్పు చదువు, పట్టదగిన చేపలో సగం వాటా వాళ్ళదని తేల్చింది అదే. అది వేరే దారం (థ్రెడ్), ఇక్కడ కలపొద్దు.

బాతెల్ అబ్బాయికి బాకీ ఉన్న జవాబు. ఇసాక్వా అమ్మగారు అన్నట్టు నీ చేప హ్యాచరీదే అనుకుంటున్నాను. అయినా నేనూ వదిలేసేవాణ్ణి. నా లెక్క ఏంటంటే, ఒడ్డు మీద నిలబడి ఆఫీసర్‌కి వివరించాల్సి వచ్చే చేప నాకొద్దు. నున్నగా ఉంటే ఇంటికి, ఏదైనా వేలికి తగిలితే నీళ్ళలోకి. ఏరియా మారితే రూలు మారుతుంది, సీజన్ మధ్యలో కూడా మారుతుంది, బయలుదేరే ముందు రాత్రి చూసుకో. గాలం ఎదురుముల్లు ప్లయర్స్‌తో నొక్కేశావు కదా?


బాతెల్_గాలం
మంగళవారం, రాత్రి 9:30

నొక్కేశాను పెద్దాయన గారూ.

ఇక అసలు సంగతి. నేను లేనప్పుడు మా ఆవిడ ఈ దారం అంతా మావయ్యగారికి చదివి వినిపించింది. సగం రెక్క చేప హ్యాచరీదేనని తెలిసిపోయింది. ఆయన ఒక పోస్టు చెప్తాను, రాయమన్నారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అందరికీ నమస్కారమండి. మా అల్లుడు గారు మంచివారేనండి, చేపల విషయంలోనే కొంచెం ధర్మాత్ములు. మీరు రెక్క రెక్క అంటున్నారు. మా గోదారిలో పులస ఉందండి. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరదకి ఎదురీది ధవళేశ్వరం వైపు ఎక్కిందంటే పులస. చేప ఒకటే, నీరు మారితే పేరు మారుద్ది, రేటూ మారుద్ది. పుస్తెలమ్మైనా తినమన్నారు పెద్దలు. ఐసు పెట్టెల్లో ఒడిశా నుంచి వచ్చిన దాన్ని పులస అని అంటగట్టేవోళ్ళు బజార్లో బోలెడు మంది. దానికి రెక్క గుర్తు లేదండి, కొన్నోడికి పులుసు ఉడికాకే తెలుస్తుంది, అప్పుడు తెలిసి ఏం లాభం? మీ దేశంలో చేప వీపు మీదే రాసి పెడుతున్నారు, అది బానే ఉంది. కానీ ఆ రాసేవోళ్ళు పూర్తిగా రాస్తే మా అల్లుడు గారికి ఇబ్బంది ఉండదు. సగం కోసి వదిలెయ్యడమేంటండీ. కరీంనగర్ బాబు తాతగారికి నా దండాలు, కొర్రమట్ట పిల్లల దగ్గర మేవూ గాలం వెయ్యం."


కరీంనగర్_మానేరు
మంగళవారం, రాత్రి 9:48

పెద్దయ్యకు శనార్తులు! ఆయనకు ఇక్కడ ఖాతా తీసియ్యి అన్నా.


రెంటన్_సీమోడు
మంగళవారం, రాత్రి 10:02

"చేపల విషయంలో ధర్మాత్ములు." ఈ మాట నా ట్యాకిల్ బాక్స్ మీద రాయించుకుంటా.


బాతెల్_గాలం
శనివారం, రాత్రి 8:45

రిపోర్ట్. ఈసారి మావయ్యగారికి కూడా లైసెన్సు, క్యాచ్ కార్డు తీశాను. అదే చోటు, అదే ఫెర్రీ. చినుకులు, పడమటి గాలి. ఇది సరి సంఖ్య ఏడాది, బేసి ఏళ్ళలో వచ్చే పింక్ సాల్మన్ లేవు, అందుకని జనం కూడా పల్చగా ఉన్నారు. లైట్‌హౌస్ ముందు సీల్ ఒకటి తల పైకి పెట్టి మా వంకే చూస్తూ కూర్చుంది, వడ్డన ఎప్పుడా అని.

ఎనిమిది దాటాక మొదటిది మావయ్యగారికే పడింది. నేను వల పట్టుకుని పరిగెత్తేలోపు ఆయన ప్యాంటు తడుపుకుంటూ నీళ్ళలోకి దిగిపోయారు. చేపని నీళ్ళలోనే తోక దగ్గర పట్టుకుని, కళ్ళు ఎటో సముద్రం మీద పెట్టి, బొటనవేలు వీపు మీద జరిపారు. ఆగింది. "ఉందండీ" అన్నారు. నేను చూసే లోపే గాలం ఊడదీసి వదిలేశారు. ఆ సీల్ వచ్చేసరికి చేప లోతుకి వెళ్ళిపోయింది. ఆయన మొహంలో బాధ ఏమీ కనబడలేదు, పైగా నా వంక ఓ చూపు చూశారు, కర్ణుడికి తోడు దొరికిందన్నట్టు.

రెండోది గంట తర్వాత, నాకు. ఐదు పౌన్లు ఉంటుంది. నున్నగా ఉంది, గట్టు కూడా తగల్లేదు. అనుమానం లేకుండా మావయ్యగారి వేలు కూడా ఒకసారి పెట్టించాను. కార్డులో అక్కడే పెన్నుతో రాశాను.

అత్తయ్యగారు చింతపండు పులుసు పెట్టారు, బెండకాయలు వేసి, పులసకి పెట్టినట్టే. కోహోలో అంత కొవ్వు లేదుగానీ, రేపటికి ఇంకా బాగుంటుందంటున్నారు.


ఇసాక్వా_అమ్మ
శనివారం, రాత్రి 9:10

చాలా సంతోషం బాబూ. తల ఏం చేశారు? ఒడ్డు మీద కర్ర యంత్రం వాళ్ళు ఎవరైనా ఉన్నారా?


బాతెల్_గాలం
శనివారం, రాత్రి 9:14

ఎవరూ లేరమ్మా. తల పులుసులోనే వేశారు. మా ఇంట్లో తల మావయ్యగారికే.


ఇసాక్వా_అమ్మ
శనివారం, రాత్రి 9:16

తినేశారా?


బాతెల్_గాలం
శనివారం, రాత్రి 9:31

అడిగొచ్చాను. ముక్కు చీకుతుంటే పంటి కింద ఇసక రేణువులాంటిది ఏదో తగిలిందట. చేప సరిగ్గా కడగలేదని అత్తయ్యగారిని కేకలేశారట కూడా.